మా వాడ లెక్కలు – 11: అవ్వ నిలబడ్డ క్యూ



పదో భాగం కింద ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, వైర్‌లెస్ నెట్‌వర్క్‌ల డిలే, క్వాలిటీ ఆఫ్ సర్వీస్ అని ఎంటెక్‌లో చదివినవు కదా. దానికీ మన ఉద్యమానికీ ఏం సంబంధం?" ఈ ప్రశ్నకు జవాబు రెండు ముక్కల్లో చెప్పొచ్చు. కానీ ఆ జవాబు నాకు ఎట్లా దొరికిందో చెప్పకపోతే మీరు నమ్మరు. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్న. ఓపిక పట్టి చదవండి. మధ్యలో లెక్కలు వస్తయి, భయపడకండి. కూడిక, భాగహారం వస్తే చాలు.

మాది అల్లాదుర్గ్ మండలంలో ఒక ఊరు. పేరు రాయను. ఎందుకు రాయనో చివరిదాకా చదివితే మీకే అర్థమవుతుంది. సంగారెడ్డి నుంచి నాందేడ్ పోయే 161 నంబర్ జాతీయ రహదారి మీద అల్లాదుర్గ్ తగుల్తది. రోడ్డు మీద బస్సు ఆగినప్పుడు ఫోన్ తీస్తే వీడియో ఆగకుండా నడుస్తది. మా ఊరి తొవ్వ పట్టి లోపలికి పోతే ఒక్కో గీత తగ్గుతది. మా వాడకు చేరేసరికి ఒక గీత. వాన పడితే అదీ డౌటే.

1

2025 జూన్. ఆ నెల మన రాష్ట్రంలో మూడు నెలల రేషన్ బియ్యం ఒకేసారి ఇచ్చారు, గుర్తుంది కదా. జూన్, జూలై, ఆగస్టు. అంతకు రెండు నెలల ముందే సన్నబియ్యం మొదలైంది, మనిషికి నెలకు ఆరు కిలోలు. మూడు నెలలది ఒకేసారి అంటే నలుగురున్న ఇంటికి 72 కిలోలు. వదులుకునే బియ్యం కాదు.

అప్పుడే తొలకరి పడ్డది. పత్తి గింజలు పెట్టే పని ఊరంతా ఒకేసారి మొదలైతది. అవ్వకు అది కూలి దొరికే కాలం. నేను హైదరాబాద్ నుంచి ఇంటికి వచ్చిన. అవ్వ పొద్దున ఏడింటికి సంచి పట్టుకొని పోయి రేషన్ దుకాణం ముందర చెప్పులు వరుసలో పెట్టింది. మనిషి నిలబడలేక చెప్పులు నిలబెట్టుడు మీకు తెలిసిందే. ఒక్కొక్కరు మిషన్ మీద ఒక్కో నెలకు విడివిడిగా వేలు పెట్టాలె. వేలు పెడితే మిషన్ మీద చక్రం తిరుగుతది. తిరిగి తిరిగి ఆగిపోతది. మళ్లీ పెట్టాలె.

మధ్యాహ్నం ఒంటిగంటకు నేను పోయి చూస్తే అవ్వ చెప్పులు ఇంకా సగంలనే ఉన్నయి.

"గింతసేపేందే అవ్వా?"

"నెట్టు లేదంట బిడ్డా. మిషను ముంగటికి పోతలేదు."

ఆమె చెప్పింది నిజమే. కానీ సగం నిజం. నేను అక్కడ నిలబడ్డ అరగంటలో ముగ్గురు బండ్ల మీద వచ్చారు. చెప్పులు పెట్టలేదు. నేరుగా గడప ఎక్కి, వేలు పెట్టి, బియ్యం మూటలు బండి మీద వేసుకొని పోయారు. వరుసలో ఎవరూ ఏమీ అనలేదు. అవ్వ మెల్లగా అన్నది: "పటేలా, పొద్దుగాల నుంచి నిలవడ్డ." ఆయన వినలేదు. డీలర్ విన్నడు. "జరంత ఆగవే, నీకేం తొందర, ఆఫీసుకు పోయేదున్నదా?" అన్నడు. ఎవరో నవ్వారు.

ఆ రోజు అవ్వకు బియ్యం రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు సాయంత్రం వచ్చాయి. మూడు రోజుల కూలి పోయింది. రాత్రి కాళ్లకు నూనె రాసుకుంటూ అన్నది: "చిన్నప్పుడు బాయికాడ గిట్లనే నిలవడేటోళ్లం. ఎవరన్నా వచ్చి చేది పోస్తె నీళ్లు, లేకుంటె లేదు."

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవుదార్ చెరువు నీళ్లు తాగింది ఎందుకో మనం ప్రతి ఏడాదీ చెప్పుకుంటం. నీళ్ల మీద హక్కు అంటం. నిజమే. కానీ ఆ రాత్రి నాకు ఇంకొకటి తట్టింది. ఇంకొకరు దయతలచి పోసే దాకా నిలబడవలసిన అవసరం లేకుండా పోవుడు కూడా హక్కే.

2

ఇప్పుడు లెక్కకు వద్దాం.

క్యూ గురించి మొట్టమొదట లెక్క కట్టింది కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన అగ్నర్ ఎర్లాంగ్. 1909లో ఆయన మొదటి పేపర్ వచ్చింది. ఎక్స్‌ఛేంజ్‌లో ఎన్ని లైన్లు పెడితే ఎంత మంది ఫోన్ కోసం ఎదురుచూడాల్సి వస్తది అన్నది ఆయన ప్రశ్న. ఈ రోజు సెల్ టవర్ అయినా, వైఫై అయినా, రేషన్ దుకాణం అయినా ఆ లెక్క మీదనే నడుస్తది. వచ్చేవాళ్లు ఒక వేగంతో వస్తరు. పని ఒక వేగంతో జరుగుతది. ఈ రెండిటి మధ్య ఉన్న సందే మన ఆయుష్షు.

ఉదాహరణ. దుకాణానికి గంటకు 12 మంది వస్తున్నరు అనుకోండి, అంటే సగటున ఐదు నిమిషాలకొకరు. ఒక్కొక్కరి పనికి సగటున నాలుగు నిమిషాలు పడ్తది, అంటే గంటకు 15 మందిని పంపగలరు. ఎం/ఎం/1 అనే అతి మామూలు మోడల్‌లో, ఒక మనిషి వచ్చినప్పటి నుంచి పని అయిపోయే దాకా పట్టే సగటు సమయం – ఒకటిని, పంపగల వేగంలోంచి వచ్చే వేగం తీసేస్తే మిగిలిన దానితో భాగించాలె. 15 లోంచి 12 తీస్తే 3. గంటలో మూడో వంతు. 20 నిమిషాలు.

ఇప్పుడు సిగ్నల్ సరిగ లేక ఒక్కొక్కరి పనికి 30 సెకన్లు ఎక్కువ పట్టింది అనుకోండి. నాలుగు నిమిషాలది నాలుగున్నర అయింది. మనం ఏమనుకుంటం? 20 నిమిషాలది 20న్నర అయితదేమో అనుకుంటం. కాదు. గంటకు పంపేది 13.33కు పడిపోతది. 12 తీస్తే మిగిలేది 1.33. ఒకటిని దానితో భాగిస్తే 45 నిమిషాలు.

ఇంకో 15 సెకన్లు కలపండి. 95 నిమిషాలు. ఇంకో 15 సెకన్లు కలిపితే ఐదు నిమిషాలకు ఒకరు వస్తున్నరు, ఐదు నిమిషాలకు ఒకరు పోతున్నరు. అక్కడ లెక్క పగిలిపోతది. క్యూ పెరుగుతనే ఉంటది, దానికి అంతు లేదు.

ఎంత మంది నిలబడి ఉంటరో కూడా చెప్పొచ్చు. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం చాలా చిన్నది: లోపల ఉన్నవాళ్ల సంఖ్య అంటే వచ్చే వేగాన్ని ఉండే సమయంతో గుణించడమే. 20 నిమిషాలైతే నలుగురు. 45 నిమిషాలైతే తొమ్మిది మంది. 95 నిమిషాలైతే 19 మంది. అసలు దుకాణం ఇంత శుభ్రంగా ఉండదు, కానీ దిశ ఇదే. దుకాణం ముందర పొడుగు క్యూ కనిపిస్తే "జనం ఎక్కువైండ్రు" అంటరు. జనం పెరగలేదు. గంటకు అదే 12 మంది. పెరిగింది చక్రం తిరిగే సమయం. మూడు నెలలకు మూడుసార్లు వేలు పెట్టాల్సిన జూన్‌లో ఆ దుకాణం ఐదు నిమిషాల గీత ఎప్పుడో దాటింది.

3

మరి ఆ సెకన్లు ఎక్కడి నుంచి వస్తయి?

తీగలో పోయే సమాచారానికి తొవ్వ స్థిరంగా ఉంటది. గాలిలో అట్ల కాదు. టవర్ నుంచి దూరం, మధ్యలో గుట్ట, చెట్టు, గోడ, వాన, పక్కోడి ఫోన్ – అన్నీ కలిసి తొవ్వ వెడల్పును క్షణక్షణం మారుస్తయి. సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే కొలతలో చూస్తరు. మైనస్ 80 ఉంటే బాగున్నట్టు. మైనస్ 110 అంటే అంచున ఉన్నట్టు. 80కీ 110కీ తేడా ముప్పయ్యే కదా అనుకోకండి. ఈ కొలతలో ప్రతి పదికీ పది రెట్లు. ముప్పై అంటే వెయ్యి రెట్లు. రోడ్డు మీది ఫోన్‌కు అందే బలంలో వెయ్యో వంతు వాడలోని ఫోన్‌కు అందుతది.

బలం తగ్గితే టవర్ నిదానంగా మాట్లాడుతది. బాగున్న చోట ఒక్కో సంకేతానికి ఆరు బిట్లు ఎక్కిస్తే, అంచున రెండే ఎక్కిస్తది. అదే మాట చెప్పడానికి మూడు రెట్ల సమయం. అయినా తప్పు పోతే మళ్లీ పంపాలె. ఇంటర్నెట్‌లో నమ్మకంగా సమాచారం చేర్చే టీసీపీ పద్ధతిలో మొదట పంపిన దానికి జవాబు రాకపోతే ఒక సెకను ఆగి మళ్లీ పంపుతది. అదీ పోతే రెండు సెకన్లు ఆగుతది. అదీ పోతే నాలుగు. వరుసగా మూడుసార్లు పోతే ఒక్క మాట చేరకముందే ఏడు సెకన్లు ఖర్చు. ఓడిపోయినోడు తర్వాతిసారి రెండింతలు ఆగాలె అన్నది నియమం. నెట్‌వర్క్ కుప్పకూలకుండా ఉండడానికి ఇది అవసరమే. నేను తప్పు పట్టడం లేదు. కానీ ఆ నియమం ఎవరి మీద ఎక్కువసార్లు పనిచేస్తదో చూడండి. అంచున ఉన్నవాళ్ల మీద.

ఇంకొకటి. 4జీలో ప్రతి ప్రవాహానికీ ఒక తరగతి ఉంటది. ఫోన్ మాటకు ఇంత వేగం గ్యారంటీ, 100 మిల్లీసెకన్ల లోపు చేరాలె అని నియమం. గ్యారంటీ లేని మామూలు డేటాకు 300 మిల్లీసెకన్ల లక్ష్యం. ఖాళీ ఉంటే పోతది, లేకపోతే ఆగుతది. దీన్ని "బెస్ట్ ఎఫర్ట్" అంటరు. వినడానికి మంచిగ ఉంటది. అర్థం మాత్రం "ఏ హామీ లేదు" అని. సినిమా పాటకూ, అవ్వ వేలిముద్రకూ సాధారణంగా ఈ ఒక్క తరగతే.

4

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలె. ఈ భాగం రాయడానికే వారం పట్టింది.

2019లో నా ఎంటెక్ థీసిస్ ఈ డిలే మోడలింగ్ మీదనే. ఒక వైర్‌లెస్ లింక్, దాని మీద రెండు తరగతుల ట్రాఫిక్. మొదటి తరగతికి ప్రాధాన్యం. ఆ తరగతి ప్యాకెట్ వస్తే, నడుస్తున్న పని అయిపోగానే అదే ముందు పోతది, రెండో తరగతి ఆగుతది. ఇది కొత్త ఆలోచన కాదు. ప్రాధాన్యాలున్న క్యూలకు అలన్ కోబమ్ 1954లోనే సూత్రం ఇచ్చిండు. నేను దాన్ని మారే ఛానల్‌కు అతికించి సిమ్యులేషన్ నడిపిన.

ఫలితం బాగా వచ్చింది. రెండు తరగతులూ సమానంగా ఉండి, లింక్ 80 శాతం నిండి ఉన్నప్పుడు, ప్రాధాన్యం లేకపోతే ఒక్కో ప్యాకెట్ సగటున 4 మిల్లీసెకన్లు ఎదురుచూస్తది (ఒక్కటి పంపడానికి ఒక మిల్లీసెకను అనుకుంటే). ప్రాధాన్యం పెడితే మొదటి తరగతికి అది 1.33కు దిగింది. "మూడింట రెండు వంతులు తగ్గింది" అని రాసిన. వైవాలో బాగుంది అన్నరు. రిజల్ట్స్ చాప్టర్‌లో ఆ ఒక్క గీతనే పెద్ద బొమ్మగా వేసిన.

రెండో తరగతికి ఏమైంది? 6.67. 4 ఉన్నది 6.67 అయింది. ఆ పట్టికను నేను అనుబంధంలో పెట్టిన. ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ తరగతికి నేను పెట్టిన పేరు "బ్యాక్‌గ్రౌండ్".

1.33ను, 6.67ను కూడి రెండుతో భాగించండి. 4. మళ్లీ అదే 4. ఇది యాదృచ్ఛికం కాదు. ఇంటర్నెట్ పునాదులు వేసినవాళ్లలో ఒకరైన లియొనార్డ్ క్లైన్‌రాక్ 1960లలో దీన్ని ఒక నియమంగా నిరూపించిండు. పని చేసే చెయ్యి అదే, వచ్చే పని అదే అయితే, మీరు వరుసను ఎట్లా మార్చినా మొత్తం ఎదురుచూపు తగ్గదు. దాన్ని ఒకరి మీది నుంచి తీసి ఇంకొకరి మీద వేస్తరు, అంతే. పేరు కూడా చక్కగా ఉంది: నిత్యత్వ నియమం. శక్తి నశించదు అన్నట్టే, ఎదురుచూపు నశించదు.

ఈ నియమం నాకు పరీక్షలో వచ్చింది. మార్కులు వచ్చాయి. కానీ అర్థమైంది మాత్రం ఆరేళ్ల తర్వాత, రేషన్ దుకాణం ముందర అవ్వ చెప్పుల పక్కన నిలబడ్డప్పుడు. బండి మీద వచ్చిన పటేలుకు మిగిలిన గంట ఎక్కడి నుంచో రాలేదు. అవ్వ దగ్గరి నుంచి వచ్చింది. నా థీసిస్‌లో అవ్వ అనుబంధంలో ఉంది.

5

మూడో రోజు నేను, ఇంటర్ చదివే మా వాడ పిల్లలిద్దరు ఒక నోట్‌బుక్ పట్టుకొని దుకాణం ఎదురుంగ వేపచెట్టు కింద కూసున్నం. పేర్లు రాయలేదు, కార్డు నంబర్లు రాయలేదు. నాలుగు గళ్లు గీసినం. ఎన్ని గంటలకు వచ్చారు. ఎన్ని గంటలకు మిషన్ దగ్గరికి చేరారు. ఎన్ని గంటలకు బియ్యం పట్టుకొని దిగారు. నాలుగో గడిలో ఒక్క అక్షరం: ఊరి వాళ్లైతే 'ఊ', మా వాడ వాళ్లైతే 'వా'. అట్ల ఐదు రోజులు.

సాయంత్రం కూసొని లెక్క తీస్తే మొదట నాకు నిరాశ అయింది. మిషన్ దగ్గర పట్టే సమయం 'ఊ'కూ 'వా'కూ ఇంచుమించు ఒకటే. చక్రం అందరికీ ఒక్క తీరుగనే తిరిగింది. సిగ్నల్‌కు కులం తెల్వదు. మా నోట్‌బుక్‌ను తహశీల్ ఆఫీసులో చూపిస్తే "ఇదిగో, టెక్నికల్ ప్రాబ్లం, అందరికీ ఉన్నదే" అంటరు అనిపించింది.

తర్వాత మొదటి గడికీ రెండో గడికీ మధ్య తేడా తీసినం. అక్కడ దొరికింది. సర్వీస్ టైంలో కులం లేదు. వెయిటింగ్ టైంలో ఉంది.

ఆ రాత్రి పాత థీసిస్ తీసి ఒక చిన్న లెక్క చేసిన. దయచేసి ఈ ఒక్క పేరా మెల్లగా చదవండి. ప్రాధాన్యం ఉన్న క్యూలో, రెండో తరగతి ఎదురుచూపు మొదటి తరగతి కన్నా ఎన్ని రెట్లు? కోబమ్ సూత్రం నుంచి వచ్చే జవాబు చాలా చిన్నది. ఒకటిని, ఖాళీగా మిగిలిన భాగంతో భాగించాలె. దుకాణం సగం సమయమే బిజీగా ఉంటే ఖాళీ సగం, కాబట్టి రెండు రెట్లు. 80 శాతం బిజీ అయితే ఐదు రెట్లు. 90 శాతం బిజీ అయితే పది రెట్లు. పైనున్న వాళ్లు పది మందే ఉన్నా, సగం మంది ఉన్నా ఈ నిష్పత్తి మారదు.

అంటే ఏమిటి? సిగ్నల్ బాగుండి మిషన్ చకచక నడిచిన నెలలో, వరుస తప్పించుకొని పోయేవాళ్లకూ మనకూ తేడా రెట్టింపే. ఎవరికీ పెద్దగా కనిపించదు, "పోనీలే" అంటం. సిగ్నల్ పాడైతే మిషన్ నిండుతది. అప్పుడు అదే అలవాటు, అదే మనుషులు, కొత్తగా ఎవరూ ఏ అన్యాయం చేయలేదు, కానీ తేడా పదింతలు. సగం నిండిన చోట నుంచి 90 శాతానికి పోయేటప్పుడు, సగం సగం ఉన్న తరగతుల్లో, మొదటి తరగతి ఎదురుచూపు 0.67 నుంచి 1.64 అయితది. రెండో తరగతిది 1.33 నుంచి 16.4 అయితది. మోయగలిగే దాన్ని దాటి జూన్ లెక్క నిండితే ఇంకా అన్యాయం. పొంగేది రెండో తరగతి క్యూ ఒక్కటే. పైవాళ్లు ఇంకా దర్జాగనే పోతరు.

అందుకే పెద్దమనుషులు "అంత లేటేం అయితలేదు కదా" అని అంటే అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల అనుభవంలో నిజంగనే లేదు. వ్యవస్థ చెడిపోతే అందరూ సమానంగా బాధపడ్తరు అన్నది మనలో చాలా మందికి ఉన్న భ్రమ. వ్యవస్థ ఎంత చెడితే కులం అంత గట్టిగా పనిచేస్తది. ఇది నినాదం కాదు, ఒకటిని ఖాళీతో భాగించిన లెక్క.

6

ఎంటెక్ అయినంక కొన్ని నెలలు నేను డ్రైవ్ టెస్ట్ పని చేసిన. కారులో ఫోన్లు, ల్యాప్‌టాప్ పెట్టుకొని తిరుగుతూ సిగ్నల్ కొలిచే పని. కంపెనీ పేరు అనవసరం, అందరిదీ అదే పద్ధతి. కారు తారురోడ్డు మీద పోతది. మ్యాప్ మీద రోడ్డు పొడుగునా పచ్చ చుక్కలు పడ్తయి. కారు వాడలోకి పోదు, తొవ్వ ఉండదు. వాడ మ్యాప్ మీద ఎర్రగ ఉండదు. తెల్లగ ఉంటది. కొలవని చోటుకు రంగు ఉండదు.

కొలిచిన చోట కూడా లెక్క ఎట్లా కడుతరో చూడండి. మొదట్లో కాల్ డ్రాప్‌ను సగటుగా చూసేవాళ్లు. టెలికాం లెక్కల్లో తెలంగాణ, ఆంధ్ర ఇప్పటికీ ఒకే సర్కిల్. రెండు రాష్ట్రాల సగటులో మా ఊరి టవర్ ఎక్కడ కనిపిస్తది? సగటు లోపాలను దాస్తుందని ట్రాయ్ కూడా గుర్తించి 2017 అక్టోబర్ నుంచి పద్ధతి మార్చింది. 90 శాతం సెల్స్‌లో, 90 శాతం రోజులు, కాల్ డ్రాప్ రెండు శాతం దాటొద్దు అని పెట్టింది. సగటు కన్నా ఇది చాలా మెరుగు. కానీ మిగిలిన ఆ పది శాతం సెల్స్ ఎవరి ఊర్లలో ఉన్నయి? ఆ పది శాతం ప్రతి మూడు నెలలకూ మారుతుందా, లేక ఎప్పుడూ అవే ఊర్లా? నిబంధన ఆ ప్రశ్న అడగదు. మనం అడగాలె. 2024 ఆగస్టులో వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం కంపెనీలు తమ కవరేజీ మ్యాప్‌లను వెబ్‌సైట్లలో పెట్టాలె. విద్యార్థులారా, మీ వాడ ఆ మ్యాప్ మీద ఏ రంగులో ఉందో చూడండి. తర్వాత వాడలో నిలబడి ఫోన్‌లో చూడండి. రెండూ ఒకటి కాకపోతే రాసిపెట్టండి.

7

గాలి మనది కాదా అని కొందరు అడుగుతరు. మనదే. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ ఆస్తిని మన జిల్లా దళిత ఆడవాళ్లు ఎట్లా వాడారో గుర్తు చేసుకోవాలె. అప్పటి మెదక్ జిల్లా, జహీరాబాద్ దగ్గర మాచునూర్‌లో 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు నడిపే స్టేషన్. లైసెన్స్ రాకముందు ఏళ్లకేళ్లు క్యాసెట్లలో రికార్డు చేసి పెట్టుకున్నరు. విత్తనాలు, వంటలు, పాటలు, వాళ్ల మాటలోనే.

సాంకేతికంగా ఒక సంగతి గమనించండి. రేడియోలో క్యూ ఉండదు. ఇంకొకరు ట్యూన్ చేస్తే నా పాట ఆలస్యం కాదు. వంద మంది విన్నా, వెయ్యి మంది విన్నా ఎవరి వంతూ ఎవరూ తినరు. 2020 సెప్టెంబర్ 1న సర్కారు బడి పిల్లలకు దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు మొదలైనప్పుడు కూడా అంతే. ఉపగ్రహం 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటది, మాట పోయి రావడానికి పావు సెకను ఆలస్యం. కానీ ఆ పావు సెకను దొర బిడ్డకూ మా బిడ్డకూ ఒకటే. టీవీ లేని ఇంటి బాధ వేరు, దాన్ని తక్కువ చేయను. ఆలస్యం తప్పని చోట అందరికీ ఒకే ఆలస్యం ఉండేటట్టు కట్టొచ్చు అని మాత్రం చెప్తున్న.

8

జూన్ చివరి సోమవారం ప్రజావాణిలో మా నోట్‌బుక్ జిరాక్స్ ఇచ్చినం. మేం అడిగింది ఒక్కటే: నంబర్ చీటీలు. వచ్చిన వరుసలో చీటీ, చీటీ వరుసలో బియ్యం.

జూలై, ఆగస్టు దుకాణం తెరవలేదు, మూడు నెలలది ముందే ఇచ్చారు కదా. సెప్టెంబర్‌లో తెరిచేసరికి గోడకు చీటీల కట్ట వేలాడింది. మొదటి రోజు ఒకాయన చీటీ తీసుకోకుండా గడప ఎక్కబోతే మా వాడ ఇంటర్ పిల్ల "తాతా, నీ నంబరెంత?" అని అడిగింది. తిట్టలేదు, అరవలేదు. నంబర్ అడిగింది. ఆయన కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి చీటీ తీసుకున్నడు. ఆ సాయంత్రం ఆ పిల్ల ఇంటికి ఇద్దరు మనుషులు వచ్చి "చదువుకునే పిల్లకు ఇవన్నీ ఎందుకు" అని చెప్పి పోయారు. ఊరి పేరు అందుకే రాయలేదు.

నియమం చెప్పినట్టే అయింది. చీటీలతో మొత్తం ఎదురుచూపు తగ్గలేదు. అవ్వకు తగ్గింది, బండ్ల మీద వచ్చేవాళ్లకు పెరిగింది. మిషన్ అట్లనే ఉంది, చక్రం అట్లనే తిరుగుతుంది.

కానీ నా థీసిస్‌లో లేనిది ఒకటి జరిగింది. మూడో రోజు, చీటీ పట్టుకొని గంటసేపు నిలబడ్డ మాజీ సర్పంచ్ అక్కడి నుంచే ఎవరికో ఫోన్ చేసి గట్టిగ మాట్లాడిండు. "ఇదేం సిగ్నల్ అయ్యా, మనుషులు ఎన్ని గంటలు నిలబడాలె?" వారం తిరగకముందే దుకాణం కప్పు మీద ఇనుప పైపు లేచింది, దానికి యాంటెన్నా కట్టారు. చక్రం తిరిగే సమయం తగ్గింది. ఏళ్ల తరబడి అవ్వ, అవ్వలాంటోళ్లు చెప్పిన మాటే అది. వాళ్లు చెప్పినప్పుడు అది బ్యాక్‌గ్రౌండ్.

నిజానికి అది గెలుపో కాదో నాకు ఇంకా తెల్వదు. మేం కొలిచినా, రాసినా, ఇచ్చినా యాంటెన్నా రాలేదు. ఆయన కాళ్లు నొస్తే వచ్చింది. కోపం రావాల్సిందే. కానీ ఆయన కాళ్లు నొచ్చేటట్టు చేసింది గోడకు వేలాడిన చీటీల కట్ట.

తమ్ముడూ, నీ ప్రశ్నకు ఇదే నా జవాబు. ఇంజనీరింగ్ చదివేవాళ్లు ఒక పని చేయండి. రేపు మీరు ఏ మోడల్ రాసినా "యూజర్లందరూ ఒకే రకం అనుకుందాం" అనే వాక్యం దగ్గర ఆగండి. ఏ తరగతికి ఎంత తగ్గించామో రాసిన పేజీలోనే ఏ తరగతికి ఎంత పెంచామో రాయండి. అనుబంధంలో కాదు.

నవంబర్‌లో ఇంటికి పోయినప్పుడు అవ్వను అడిగిన, "ఇప్పుడెంతసేపు అయితుందే?"

"చీటి తీస్కొని కూసుంట. పిలిస్తె లేస్త," అన్నది.

నిలబడ్త అనలేదు. కూసుంట అన్నది.

జై భీమ్.

(వచ్చే ఆదివారం 12వ భాగం: హాస్టల్ మెస్ లెక్కలు. మీ ఊరి రేషన్ దుకాణంలో చీటీలు ఉన్నాయో లేదో కామెంట్‌లో రాయండి. ఊరి పేరు రాయకండి, మండలం చాలు.)